రెవిట్‌లో వంపు గోడని ప్రీకాస్ట్ ప్యానెల్స్‌గా కోస్తే చివర్లో ముక్క మిగులుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నా?

వంపుగోడ_బాధితుడు

అందరికీ నమస్కారం అండి. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీస్‌లో జూనియర్ ఆర్కిటెక్ట్‌ని, ఇప్పటిదాకా చేసినవన్నీ అపార్ట్‌మెంట్లు, డూప్లెక్స్‌లు, అంటే డబ్బాలే. మొదటిసారి విజయవాడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్ వచ్చింది, ముందువైపు గోడ మొత్తం వంపు, అదీ ప్రీకాస్ట్‌లో, అంటే ప్లాంట్‌లో ముక్కలుగా పోసి తెచ్చి నిలబెట్టేలా కావాలంట. లోపలి రేడియస్ 18 మీటర్లు, మందం 150 మిల్లీమీటర్లు, 120 డిగ్రీల ఆర్క్, ఎత్తు 7.2, రెండు వరసలుగా 3.6 చొప్పున వేద్దామనుకున్నాం.

నేను చేసింది ఏంటంటే రెవిట్‌లో (మేము బిల్డింగ్ 3డీ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) ఆర్క్ వాల్ గీసేసి, దాన్ని పార్ట్స్‌గా, అంటే కొయ్యడానికి వీలైన ముక్కలుగా చేసి, డివైడ్ కొట్టా. ప్యానెల్ వెడల్పు 2.4 లోపు ఉండాలని ప్లాంట్ వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి సెంటర్‌లైన్ మీద 2.4 కొలుచుకుంటూ కోసుకుంటూ వెళ్ళా. పదిహేను ప్యానెల్స్ బాగానే వచ్చాయి, చివర్లో 1.86 మీటర్ల ముక్క ఒకటి మిగిలింది. పైగా షెడ్యూల్‌లో (ప్యానెల్స్ కొలతల పట్టిక) వెడల్పు మిల్లీమీటర్లలో ఒకచోట 2410, ఒకచోట 2390, ఏది నమ్మాలో తెలీలేదు. 3డీలో మాత్రం సూపర్‌గా కనపడుతోంది, మా సార్ చూసి బాగుంది పంపించెయ్ అన్నారు, పంపించేశా. ప్లాంట్ నుంచి ఒకే ఒక్క లైన్ రిప్లై వచ్చింది, "ఎన్ని మోల్డ్‌లు సార్?" అని, అంటే కాంక్రీట్ పోసే అచ్చులు ఎన్ని అని. ఆ ప్రశ్నకి సమాధానం నాకు తెలీదు, మా సార్‌కీ తెలీదు, మోడల్‌లో అయితే అస్సలు లేదు. అసలు ఇలాంటి గోడ మోడల్ ఎలా చెయ్యాలి, రెవిట్ వదిలేసి వేరే దాంట్లోకి వెళ్ళాలా?

మోల్డ్_మావయ్య

తమ్ముడూ, ఆ ఒక్క లైన్ రాసినోడు నీ మీద జాలిపడి రాశాడు, మామూలుగా అయితే ఆ ముక్కకి కూడా రేటు వేసి కొటేషన్ పంపేస్తారు. నేను పదకొండేళ్ళుగా ప్రీకాస్ట్ ప్లాంట్‌లో డీటెయిలింగ్ చేస్తున్నా, ఎక్కువ టెక్లాలోనే (ప్లాంట్ డ్రాయింగ్‌లు చేసే సాఫ్ట్‌వేర్), కానీ నీ సమస్య రెవిట్‌తో కాదు. నువ్వు గోడ గీసి ముక్కలు కోశావు. మేము ఒక ముక్క పోసి, దాన్నే ముప్ఫైసార్లు పోసి గోడ చేస్తాం. నువ్వు ఏ దిక్కు నుంచి మొదలుపెట్టావో చూసుకో, మొత్తం తేడా అక్కడే ఉంది.

వంపు గోడని మీటర్లలో కొయ్యకూడదు, డిగ్రీల్లో కొయ్యాలి. నీది 120 డిగ్రీలు కదా, పదహారుతో భాగించు, 7.5 వస్తుంది. బయటి ముఖం రేడియస్ 18.15 కాబట్టి ఒక ప్యానెల్ బయట ఆర్క్ 2376, లోపల 2356. వంపు వెంట కాకుండా తిన్నగా కొలిస్తే ఈ చివర నుంచి ఆ చివరకి 2374, అంటే ప్లాంట్ వాళ్ళు చెప్పిన 2.4 లోపే ఉన్నావు. పదహారూ ఒకేలాంటివి, పైవరస కూడా అవే, మొత్తం 32 ప్యానెల్స్‌కి ఒక్క మోల్డ్. మిగిలే ముక్క ఉండదు. నీ షెడ్యూల్‌లో 2410, 2390 అని వచ్చింది కూడా తప్పు కాదు, ఒకటి బయటి కొలత ఇంకోటి లోపలి కొలత, సెంటర్‌లైన్ మీద 2400 పెడితే అంతే వస్తుంది. అందుకే డ్రాయింగ్ మీద మొట్టమొదట రాయాల్సింది రేడియస్ ఏ ముఖానిది అని. అది రాయకుండా "ఆర్ 18" అని పడేస్తే వెల్డర్ తనకి తోచిన ముఖానికి చేస్తాడు, మోల్డ్ తయారయ్యాక తెలుస్తుంది, అప్పుడు నువ్వు నన్ను తిడతావు, నేను అతన్ని తిడతా.

ఒక ప్యానెల్ బరువు 3.2 టన్నుల దాకా వస్తుంది, క్రేన్ వాళ్ళకి ముందే చెప్పు.

రైనో_రాజు

బ్రో ఇదంతా ఎందుకు, రైనోలో (3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్) గ్రాస్‌హాపర్ పెట్టుకో, అంకె మార్చితే ఆకారం మారే టూల్ అది, రేడియస్‌కి ఒక స్లైడర్, ప్యానెల్స్ సంఖ్యకి ఒక స్లైడర్, జాయింట్‌కి ఒకటి, ఐదు నిమిషాల పని, తర్వాత రైనో ఇన్‌సైడ్ రెవిట్‌తో లోపలికి తెచ్చుకోవచ్చు. ఇంత చిన్న వంపుకి లెక్కలు చేత్తో వేసుకునే రోజులా ఇవి.

మోల్డ్_మావయ్య

రాజూ, స్లైడర్లు మంచివే, కాదనను, ఈ రేడియస్ 18 నుంచి 20 అయితే ప్యానెల్ ఎంత మారుతుందో చూసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ మీ రైనో కుర్రాళ్ళు చేసే పని ఒకటుంది, కర్వ్ నున్నగా రావాలని రీబిల్డ్ కొడతారు, అంటే ఆ గీతని కొత్త పాయింట్లతో మళ్ళీ గీయించే కమాండ్. కొట్టిన క్షణం నుంచి అది ఆర్క్ కాదు, ఆర్క్‌లాగా కనపడే ఇంకేదో. రేడియస్ డైమెన్షన్ పెడదామంటే ఒక్కో చోట ఒక్కోటి వస్తుంది, 18.003, 17.998 ఇలా. స్క్రీన్ మీద నీకు తేడా కనపడదు, కానీ మా నంబరింగ్‌లో పదహారు ప్యానెల్స్ పదహారు రకాలవుతాయి. ఇంకొందరు మెష్ పంపిస్తారు, వంపు మొత్తం చిన్న చిన్న పలకలు, దాంట్లో సెంటర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు నీ 3డీ వద్దు నాయనా, ప్లాన్‌లో ఒక సెంటర్ పాయింట్, రెండు ఆర్క్‌లు, సెంటర్ నుంచి బయటికి వెళ్ళే రెండు రేడియల్ గీతలు డీడబ్ల్యూజీలో (ఆటోక్యాడ్ ఫైల్) పంపు చాలు, ప్లేటు వంచేసుకుంటాం.

వంపుగోడ_బాధితుడు

మావయ్య గారూ, దండం. 7.5 డిగ్రీలకి రేడియల్ గ్రిడ్‌లు వేసి, డివైడ్ పార్ట్స్‌లో ఆ గ్రిడ్‌లనే రిఫరెన్స్‌గా ఇచ్చి, గ్యాప్ 20 పెట్టా, ఇప్పుడు పదహారూ సమానంగా వచ్చాయి. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, మా సార్ అంటున్నారు ఒక్కో ప్యానెల్ చదునుగా చేసేసి మలుపు తిప్పుకుంటూ పెడితే చవకకి అయిపోతుంది కదా, మెట్రో వంతెన కూడా అలాగే తిరుగుతుంది కదా అని. రెండోది, పక్కల్ని రేడియల్‌గా కొయ్యాల్సిందేనా, మోల్డ్ పక్క పలకలు 90 డిగ్రీలకే పెడితే ఈజీ అంటున్నారు.

మోల్డ్_మావయ్య

రెండోది ముందు చెప్తా ఎందుకంటే అది అందరూ చేసే తప్పు. పక్కల్ని 90కి పెట్టావనుకో, ఒక్కో ప్యానెల్ పక్క 3.75 డిగ్రీలు తేడా పోతుంది, రెండు ప్యానెల్స్ కలిసిన చోట 7.5. 150 మందానికి అది దాదాపు 20 మిల్లీమీటర్లు. అంటే లోపల జాయింట్ 20 ఉంటే బయట 40 నోరు తెరుస్తుంది. ఆ గాడిలో బ్యాకర్ రాడ్ (సీలెంట్ వెనక పెట్టే ఫోమ్ తాడు) నిలవదు, జాయింట్ మూసే సీలెంట్ డబ్బాలు డబ్బాలు తాగేస్తుంది, మొదటి వానకే లోపల పెళ్ళికొడుకు మీద కారుతుంది. పక్క పలకని 3.75 డిగ్రీలు వాల్చి వెల్డ్ చెయ్యడం మోల్డ్‌కి ఒక్కసారి చేసే పని. అదే సీలెంట్ అయితే పదిహేను జాయింట్లకి, రెండు వరసలకి.

ఇక చదును సంగతి. 2.37 మీటర్ల ప్యానెల్ 18.15 రేడియస్ మీద నడుమ ఎంత ఉబ్బుతుందో తెలుసా, 39 మిల్లీమీటర్లు. వెడల్పు వర్గాన్ని ఎనిమిది రేడియస్‌లతో భాగిస్తే వస్తుంది, క్యాలిక్యులేటర్ తీసి చూసుకో. మీ సార్ చెప్పిన మెట్రో పోలిక వేరు, అక్కడ వంపు రేడియస్ 150 మీటర్లు, సెగ్మెంట్ పొడవు 3 మీటర్లు అనుకో, ఉబ్బు ఏడున్నర మిల్లీమీటర్లే, కింద కారులో పోయేవాడికి ఏం కనపడుతుంది. అక్కడ ఇంకో కిటుకు కూడా ఉంది, ముందు పోసిన సెగ్మెంట్‌నే పక్కన పెట్టి దాన్ని ఆనించి తర్వాతది పోస్తారు, ఆ ముందుదాన్ని కొద్దిగా మలిపితే వంపు అదే వస్తుంది. నీది 39, పైగా ఎదురుగా పార్కింగ్, సాయంత్రం ఎండ పక్క నుంచి పడితే ఒక్కో పలక ఒక్కో రంగులో కనపడి వాటర్ ట్యాంక్ అనుకుంటారు.

మధ్యేమార్గం ఒకటుంది, వెనకవైపు చదును, ముందువైపు వంపు. అంచుల దగ్గర 150, నడుమ 189. మోల్డ్ అడుగు ఒక్కటే వంచాలి, పైన మామూలు చెక్కతో లెవెల్ లాగేయొచ్చు. కానీ ఒక్కో ప్యానెల్ ఐదున్నర క్వింటాళ్ళు బరువెక్కుతుంది, 32 ప్యానెల్స్‌కి పదిహేడు టన్నుల పైన ఊరికే మోస్తావు. లోపల ఎలాగూ జిప్సమ్ వేస్తారు అనుకుంటే అప్పుడు ఆలోచించు. నేనైతే రెండువైపులా వంపే చేస్తా. అంచు దగ్గర వాలు 3.75 డిగ్రీలే కాబట్టి పోసిన కాంక్రీట్ జారదు, వంపు చెక్క ఒకటి చేయించుకుంటే సరి. 8 ఎంఎం కడ్డీ కూడా ఈ రేడియస్‌కి దానంతటదే వంగుతుంది, బెండింగ్ మెషీన్ దాకా వెళ్ళక్కర్లేదు. కాకపోతే మోడల్‌లో కడ్డీల మెష్‌ని చదునుగా పడేయకు, కవర్, అంటే కడ్డీ మీద కాంక్రీట్ మందం, ఒకచోట 30, ఇంకోచోట సున్నా అవుతుంది.

సిడ్నీ_సీతాఫలం

మాది తెనాలి, ఉండేది సిడ్నీ. ఈ థ్రెడ్ చదువుతుంటే రోజూ ఫెర్రీలోంచి కనపడే ఆపెరా హౌస్ గుర్తొచ్చింది. 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ ఉట్జన్ డిజైన్ పోటీలో గెలిచినప్పుడు తెరచాపల్లాంటి ఆ కప్పు పెంకులకి రేడియస్ అంటూ ఏమీ లేదు, చేత్తో గీసిన వంపులు అంతే. వాటిని కట్టడం ఎలాగో తేల్చడానికి అరప్ కంపెనీ ఇంజినీర్లు, ఉట్జన్ కలిసి ఏళ్ళ తరబడి పారాబొలాలు, ఎలిప్స్‌లు అన్నీ ప్రయత్నించారు, ఎలా చేసినా ఒక్కో రిబ్ (పెంకుని మోసే వంపు దూలం) ఒక్కో ఆకారం, ఇక్కడ ప్లాంట్ వాళ్ళు అడిగిన ప్రశ్నే, ఎన్ని మోల్డ్‌లు అని. 1961లో గానీ తేలలేదు, పెంకులన్నీ ఒకే గోళం మీంచి కోసిన ముక్కలుగా పెట్టారు, దాదాపు 75 మీటర్ల రేడియస్. గోళం మీద ఎక్కడైనా వంపు ఒకటే కదా, అందుకని పొడుగు రిబ్‌కి పోసిన సెగ్మెంట్లే పొట్టి రిబ్‌కీ పనికొస్తాయి, పొట్టిదానికి తక్కువ సెగ్మెంట్లు వాడతారు అంతే. ఇలా 2194 ప్రీకాస్ట్ సెగ్మెంట్లు పోసి, ఎపాక్సీతో అతికించి, కేబుల్స్‌తో బిగించారు. టైల్స్ కూడా పది లక్షల పైచిలుకు, కింద పలకల మీద ముందే పరిచి, ఆ పలకల్ని పైన బిగించారు.

బాధితుడు గారూ, మీ క్లయింట్ "కొంచెం ఫ్రీగా ఫ్లో అవ్వాలి" అన్నప్పుడు ఈ కథ చెప్పండి. అంత గొప్ప కట్టడమే ఒక్క రేడియస్‌కి ఒప్పుకుంది.

వంపుగోడ_బాధితుడు

సీతాఫలం గారూ మీ నోటి చలవ ఏమో గానీ నిన్ననే క్లయింట్ ఫోన్ చేసి గోడ పైకి వెళ్ళేకొద్దీ బయటికి వాలాలి అన్నారు, ఐదు డిగ్రీలు, దుబాయ్‌లో ఏదో చూశారంట. పైగా పారాపెట్, అంటే గోడ పై అంచు, ఒక చివర నుంచి ఇంకో చివరకి ఎక్కుతూ పోవాలి. అయిపోయాను కదా, ఇప్పుడు ప్రతి ప్యానెల్ వేరే కదా?

లెవెల్_లక్ష్మి

కంగారు పడకు బాబూ, అంత ఏమీ అవ్వలేదు. నేను ఆర్కిటెక్ట్‌నే, బెంగళూరులో ఉంటా, ఇలాంటి కోన్ గోడ ఒకటి చేశాను. వాలు అన్నిచోట్లా ఒకటే అయినంతవరకు అది కోన్, కోన్‌ని నిలువునా కోస్తే ముక్కలన్నీ ఒకటే. నీకు 7.2 ఎత్తుకి ఐదు డిగ్రీలు అంటే పైన రేడియస్ 630 పెరుగుతుంది, 18 కాస్తా 18.63. కింద అంచు లోపలి ఆర్క్ 2356, మధ్యలో వరసలు కలిసిన చోట 2397, పైన 2439, అంటే ప్యానెల్ కొంచెం పైకి విచ్చుకున్న బుట్ట ఆకారం. 2.4 దాటింది కాబట్టి ప్లాంట్ వాళ్ళని ఒకసారి అడుగు, ఒప్పుకోకపోతే పదహారు బదులు పద్ధెనిమిది చేసెయ్, అప్పుడు ఒక్కోటి 6.67 డిగ్రీలు, అంకె అందంగా ఉండదు గానీ పని జరుగుతుంది.

ఇక రెవిట్‌లో ఎలా అంటే వాల్ టూల్, పార్ట్స్ పక్కన పెట్టెయ్. జెనెరిక్ మోడల్ ఫ్యామిలీ, అంటే ఒకసారి చేసి ఎన్నిసార్లయినా పెట్టుకునే మోడల్, ఒకటి తెరువు, దాంట్లో రివాల్వ్ (సెక్షన్‌ని ఒక గీత చుట్టూ తిప్పే టూల్) తీసుకో. యాక్సిస్ లైన్‌ని వంపు సెంటర్ దగ్గర పెట్టు, అంటే ఫ్యామిలీ ఆరిజిన్ దగ్గర. గోడ సెక్షన్‌ని, అదే ఐదు డిగ్రీలు వాలిన 150 మందం పలకని, 18 మీటర్ల దూరంలో గీయి. రివాల్వ్‌కి స్టార్ట్ యాంగిల్, ఎండ్ యాంగిల్ ఉంటాయి కదా, పూర్తిగా 360 తిప్పకుండా 7.5లోంచి జాయింట్ తీసేసి తిప్పు. 18.15 దగ్గర 20 మిల్లీమీటర్లు అంటే 0.063 డిగ్రీలు, సగం ఇటు సగం అటు. ప్యానెల్ పక్కలు వాటంతటవే రేడియల్‌గా వస్తాయి, మావయ్య గారు చెప్పిన 3.75 గొడవ నువ్వు పట్టించుకోనక్కర్లేదు. పైకి వెళ్ళేసరికి జాయింట్ 20 నుంచి 20.7 అవుతుంది, అది ఎవరికీ కనపడదు. తర్వాత ప్రాజెక్ట్‌లో ఆ ఫ్యామిలీని సెంటర్ పాయింట్ మీద ఒక్కసారి పెట్టి, రేడియల్ అర్రే 7.5కి పదహారు. ఒక్క ఫ్యామిలీ, పదహారు కాపీలు, ఫ్యామిలీలో ఏం మార్చినా పదహారూ మారతాయి. యాంగిల్ యూనిట్స్‌లో దశాంశ స్థానాలు నాలుగుకి పెంచుకో, లేకపోతే 7.437ని 7.44 అని చూపించి నిన్ను ఏడిపిస్తుంది, 18 మీటర్ల దగ్గర ఆ తేడా ఒక మిల్లీమీటర్ దాకా ఉంటుంది.

పారాపెట్ వాలుకి భయపడకు. మోల్డ్ పూర్తి ఎత్తుకే ఉంటుంది, పైన అడ్డపలక ఎక్కడ పెడితే అక్కడ ఆగుతుంది. ఫ్యామిలీలో ఒక వాయిడ్ (ప్యానెల్‌ని కోసే ఖాళీ ఆకారం) పెట్టి దాని ఎడమ, కుడి ఎత్తుల్ని ఇన్‌స్టెన్స్ పారామీటర్లు చెయ్యి, అంటే ఒక్కో ప్యానెల్‌కి దాని సొంత అంకెలు. షెడ్యూల్‌లో మార్క్ నంబర్, ఎడమ ఎత్తు, కుడి ఎత్తు, ఈ మూడు కాలమ్స్ ఇస్తే ప్లాంట్ వాళ్ళకి చాలు. పారాపెట్ గీత మరీ నిట్టనిలువుగా ఎక్కకుండా చూసుకో, అంతే.

మోల్డ్_మావయ్య

లక్ష్మి గారూ, మీలాంటివాళ్ళు మా ప్లాంట్‌కి డ్రాయింగ్‌లు పంపితే నాకు బీపీ తగ్గేది. ఒక్కటి కలుపుతా. వాలు వచ్చింది కాబట్టి కింది వరస, పై వరస ఇక ఒకటి కాదు. అలాగని రెండు మోల్డ్‌లు అక్కర్లేదు, 7.2 పొడుగుతో ఒకే కోన్ మోల్డ్ చేసి నడుమ అడ్డపలక పెడితే రోజూ కిందిది ఒకటి, పైది ఒకటి పడతాయి, పదహారు రోజుల్లో గోడ మొత్తం యార్డ్‌లో ఉంటుంది.

టెక్లాలో మళ్ళీ చేస్తారు ఎలాగూ, కర్వ్‌డ్ బీమ్‌తో చేసేటప్పుడు సెగ్మెంట్ల సంఖ్య చూసుకోమని మీ డీటెయిలర్‌కి చెప్పండి, తక్కువ పెడితే వంపు విరిగిన గీతల్లా వస్తుంది, అదే కొలత షాప్ డ్రాయింగ్‌లోకి ఎక్కుతుంది. ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్‌ల మధ్య మోడల్ పంపుకునే ఫైల్) పంపినా అదే జాగ్రత్త, అవతల తెరిచి ఆర్క్ ఆర్క్‌గానే వచ్చిందా పలకలైందా అని ఒక ప్యానెల్ మీద కొలిచి చూడండి.

క్రేన్‌కింద_కాలు

మోడల్ సంగతి మీరు చూసుకోండి, నేను ఎరెక్షన్ వాడిని, ఒక్క మాట. వంపు ప్యానెల్‌కి లిఫ్టింగ్ హుక్కులు అంచుల్లో పెట్టకండి. బరువు కేంద్రం అంచు నుంచి అంచుకి గీసిన గీత మీద ఉండదు, ఉబ్బు వైపు జరిగి ఉంటుంది, మీ 39 ఉబ్బుకి దాదాపు 26 మిల్లీమీటర్లు. అంచుల్లో హుక్కులు పెట్టి లేపితే ప్యానెల్ వాలి వేలాడుతుంది, 3.6 ఎత్తుకి కింది అంచు 50 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది, కింద నిలబెట్టిన డోవెల్ కడ్డీల్లో దింపాలంటే నలుగురు కుర్రాళ్ళు భుజాలు పెట్టి తొయ్యాలి, ఏలు పోతే ఎవడిది బాధ్యత. రెండువైపులా అంచు నుంచి పావు వంతు లోపలికి పెట్టండి, అప్పుడు వంపు మీద ఆ రెండు పాయింట్లూ బరువు కేంద్రానికి బాగా దగ్గరకి వస్తాయి, ప్యానెల్ దాదాపు నిటారుగా నిలబడుతుంది. ఇప్పుడు ఐదు డిగ్రీల వాలు అంటున్నారు కాబట్టి ఎలాగూ వాల్చి దించాలి, దానికి వెనక ముఖం మీద ఇంకో హుక్కు అడగండి. రెండోది, వంపువాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, ఇంగ్లిష్ 'A' ఆకారం ఫ్రేమ్ మీద నిలబెట్టి తేవాలి. మా దగ్గర ఒకసారి పడుకోబెట్టి తెచ్చారు, దింపేసరికి నాలుగింటికి నడుమ నిలువు పగులు, ఎవరి తప్పో ఇప్పటికీ తేలలేదు.

వంపుగోడ_బాధితుడు

అప్‌డేట్. ఆలస్యానికి సారీ, మధ్యలో పండగ వచ్చింది. లక్ష్మి గారు చెప్పినట్టే రివాల్వ్‌తో ఫ్యామిలీ చేశా, మొదటిసారి యాక్సిస్ లైన్ తప్పు చోట పెట్టి గోడ పక్క ప్లాట్‌లోకి వెళ్ళిపోయింది, రెండోసారి కుదిరింది. ప్లాంట్ వాళ్ళు 2439 వెడల్పుకి సరే అన్నారు, ఎలాగూ నిలబెట్టే తెస్తాం అన్నారు. హుక్కులు పావు వంతు దగ్గరకి మార్చా, వాళ్ళ డీటెయిలర్ "ఎవరు చెప్పారు?" అని అడిగాడు, ఫ్రెండ్ అన్నాను. మా సార్‌కి మటుకు ఇంకా చదును ప్యానెల్స్ మీద మనసు ఉంది, 39 మిల్లీమీటర్లని థర్మాకోల్ మీద స్కేల్‌కి కోసి టేబుల్ మీద పెట్టా, పక్కనుంచి ఫోన్ లైట్ వేసి చూపించా, ఏమీ అనలేదు, టీ తెప్పించారు.

ఈసారి ఈమెయిల్‌లో ముందు నేనే రాశా, మోల్డ్ ఒకటి, పోతలు 16, బయటి ముఖం రేడియస్ కింద 18.15 అని. రిప్లై వచ్చింది, "ఓకే సార్. మెయిన్ డోర్ ఏ ప్యానెల్‌లో?"

తలుపు సంగతే మర్చిపోయా. రెండు ప్యానెల్స్ వెడల్పు తలుపు, ఫ్రేమ్ చదును, గోడ వంపు, పైగా వాలు. లక్ష్మి గారూ ఉన్నారా?

లెవెల్_లక్ష్మి

ఉన్నా. తలుపుని గోడలో పెట్టకు, ముందుకి ఒక పోర్టల్ బాక్స్ (తలుపు చుట్టూ పెట్టెలాంటి చట్రం) లాగి నిటారుగా దాంట్లో పెట్టు. గ్రిడ్ ఎనిమిది, తొమ్మిది, పది మధ్య కింది వరస రెండు ప్యానెల్స్ తీసెయ్, పై వరస రెండూ మొయ్యడానికి లింటెల్ బీమ్ వెయ్యి. సెక్షన్ గీసి ఇక్కడ పెట్టు, చూస్తా.